పదిన్నర కిలోల సంచి, రాని ఫోటోలు: పర్వత ల్యాండ్‌స్కేప్‌కి గేర్ ఎంచుకున్న ఒక కేసు

నేపథ్యం

గేర్, అంటే కెమెరా సామాను, మీద సలహా కోసం నా దగ్గరికి వచ్చిన క్లయింట్ ఐదేళ్లుగా ల్యాండ్‌స్కేప్ (ప్రకృతి దృశ్యాల) ఫోటోలు తీస్తున్నారు. వృత్తి వేరు, కెమెరా సెలవుల్లోనే బయటికి వస్తుంది. అయినా పనిలో అలసత్వం లేదు: రా ఫైల్స్ (కెమెరా దిద్దని ముడి ఫైళ్లు) తీస్తారు, ఎడిటింగ్ తెలుసు, ప్రింట్లు స్వయంగా చూసుకుంటారు. ఆమెను గుర్తుపట్టించే వివరాలు, వెళ్లిన పర్వతాల పేర్లు, కెమెరా కంపెనీల పేర్లు కావాలనే వదిలేశాను. బరువులు, ఫోకల్ లెంగ్తులు (లెన్సు దూరాన్ని ఎంత దగ్గర చేస్తుందో చెప్పే మిల్లీమీటర్లు), సెట్టింగులు మాత్రం ఉంచాను. విషయమంతా వాటిలోనే ఉంది.

ప్రయాణం ఆరు రోజుల నడక. బసలు 3,400 మీటర్ల నుంచి 4,200 మీటర్ల మధ్య. తెల్లవారుజామున సున్నాకి దిగువన 5 నుంచి 10 డిగ్రీలు. గుడారాలు, వంట సామాను వేరే మోతగా వెళ్తాయి. ఫోటో సామాను మాత్రం ఆమె వీపు మీదే. 4,000 మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో 60 శాతం దగ్గర ఉంటుంది. కింద నడిచేటప్పుడు లెక్కలోకి రాని కిలో అక్కడ ప్రతి మలుపులోనూ లెక్కకొస్తుంది.

చివరికి కావలసినవి 24×16 అంగుళాల ప్రింట్లు, పదో పన్నెండో. ఈ ఒక్క వాక్యం మొదటే రాయించుకోవడం మంచిది. గేర్ గురించి వచ్చే సగం వాదనలు దీనితోనే తేలిపోతాయి.

వచ్చిన సమస్య

మొదటి యాత్రలో 1,400 ఫ్రేములు తీశారు. వాటిలో ప్రింట్‌కి పంపదగ్గవి మూడు. మిగతావాటిలో ఎక్కువ మెత్తగా ఉన్నాయి, లేదా అసలు రావలసిన వెలుగులో తీసినవి కావు. ఆమె నిర్ధారణ ఏమిటంటే సెన్సర్ చిన్నది, లెన్సులు మామూలువి. 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా అమ్మేసి 45 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్), దానికి ఎఫ్/2.8 జూములు (వెలుగు ఎక్కువగా రానిచ్చే బరువైన లెన్సులు) మూడు కొనాలని నిశ్చయించుకునే వచ్చారు. ఏ కంపెనీది కొనాలన్నదే ఆమె ప్రశ్న.

అప్పటి సంచి తూకం వేయిస్తే ఇలా తేలింది:

రెండు బాడీలు (లెన్సు లేని కెమెరాలు) 980 గ్రాములు
10–24 మి.మీ. వైడ్ జూమ్ 400
17–55 ఎఫ్/2.8 జూమ్ 750
70–200 ఎఫ్/2.8 జూమ్ 1,450
90 మి.మీ. మాక్రో (చిన్న వస్తువులను దగ్గరగా తీసే లెన్సు) 550
35, 50 ప్రైములు (జూమ్ లేని లెన్సులు) రెండూ 400
అల్యూమినియం ట్రైపాడ్, హెడ్‌తో 2,400
చదరపు ఫిల్టర్లు, హోల్డర్ 650
బ్యాటరీలు, చార్జర్, పవర్ బ్యాంక్ 720
ఖాళీ కెమెరా బ్యాగ్ 2,100

మొత్తం 10.4 కిలోలు. ఇందులో ఫోటో తీయని బ్యాగే రెండు కిలోల పైన ఉంది. తూకం వేసేదాకా ఎవరి కంటికీ ఆనని బరువు ఇదే.

కంపెనీ సంగతి చెప్పే ముందు రెండు అడిగాను. ఒకటి, పనికిరావని పక్కన పెట్టినవాటితో సహా రా ఫైల్స్ అన్నీ. రెండోది, తీయలేకపోయిన ఫోటోల జాబితా: ఏ రోజు, ఏ వేళ, ఎందుకు తప్పిపోయింది. తీసిన ఫోటోలు చూసి గేర్ ఎంచుకునేవాళ్లు చాలామందే ఉంటారు. తీయలేనివాటి నుంచి మొదలుపెట్టేవాళ్లు తక్కువ. పర్వతాల్లో మాత్రం అసలు సమాచారం అక్కడే ఉంటుంది.

ఫైల్స్ చెప్పింది

పాడైనవాటిని నాలుగు గుట్టలు చేశాను.

మొదటి గుట్ట ఎఫ్/16 నుంచి ఎఫ్/22 దాకా తీసినవి. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అపర్చర్, అంటే వెలుగు వచ్చే లెన్సు రంధ్రం, చిన్నదవుతుంది. మధ్య నుంచి మూల దాకా ఒకే తీరు మెత్తదనం. లెన్సు లోపమైతే మూలలు ఎక్కువగా పాడవుతాయి, ఫోకస్ తప్పితే ఎక్కడో ఒక తలం పదునుగా ఉంటుంది. ఇక్కడ రెండూ లేవు, ఇది డిఫ్రాక్షన్, అంటే చిన్న రంధ్రం గుండా వెళ్లిన వెలుగు విచ్చుకోవడం. ఆకుపచ్చ వెలుగులో ఒక చుక్క ఎఫ్/22 దగ్గర సెన్సర్ మీద దాదాపు 30 మైక్రాన్ల వృత్తంగా పరుచుకుంటుంది, ఎఫ్/8 దగ్గర 11 మైక్రాన్లే. ఆమె సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు 4 మైక్రాన్లకు కాస్త తక్కువ. అంతా పదునుగా రావాలని అపర్చర్ మూసుకుంటూ పోయి, ఉన్న పదును కూడా పోగొట్టుకున్నారన్నమాట.

రెండో గుట్ట ట్రైపాడ్ మీద, టెలీతో (దూరాన్ని దగ్గర చేసే లెన్సుతో), 1/4 నుంచి 1/30 సెకను మధ్య తీసినవి. అంచులు ఒకే దిశలో రెండుగా కనిపిస్తున్నాయి. ట్రైపాడ్ మధ్య స్తంభం పూర్తిగా పైకి లేపి ఉండేదని అడిగితే తెలిసింది. దానికితోడు లెన్సులోని స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఆన్‌లోనే ఉంది. కదలని కెమెరాలో కూడా కొన్ని పాత స్టెబిలైజర్లు కదలిక వెతుక్కుని తామే కదులుతాయి. మెకానికల్ షట్టర్ తెర కుదుపు కూడా ఇలాంటి వేగాల దగ్గర దెబ్బ తీయగలదు. మూడిట్లో ఏది ఎంత పాడుచేసిందో విడదీయలేం, విడదీయక్కర్లేదు కూడా. మూడింటినీ ఆపితే సరి.

మూడో గుట్ట మిట్టమధ్యాహ్నం దూరపు వాలులు. ఎండకు కాగిన రాళ్ల మీదుగా లేచే వేడిగాలిలో గీతలన్నీ నీళ్లలో చూసినట్టు వంకర్లు పోయాయి. దీనికి మందు ఏ దుకాణంలోనూ దొరకదు. పొద్దున్నే తీయాలి, లేదా దగ్గరి విషయం వెతుక్కోవాలి.

నాలుగోది ఆకాశం తెల్లబడి పోయినవి. ఇది ఎక్స్‌పోజర్ పొరపాటు, హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు నీడల పాళ్లు చూపే గ్రాఫ్) చూసే అలవాటుతో పోతుంది.

సెన్సర్ చిన్నదవడం వల్ల పాడైనవి ఈ నాలుగిట్లో ఎక్కడా లేవు.

తర్వాత, ఆమె తనకు నచ్చినవని గుర్తుపెట్టిన ఫోటోల ఫోకల్ లెంగ్తులు ఎక్సిఫ్ (ఫైల్‌లోనే నమోదయ్యే సెట్టింగుల సమాచారం) నుంచి తీసి వరుస పేర్చాను. రెండు దిబ్బలు లేచాయి: 16 నుంచి 26 మి.మీ. దాకా ఒకటి, 90 నుంచి 200 దాకా ఇంకొకటి. 10–14 మి.మీ. మధ్య తీసినవి బోలెడున్నా, వాటిలో ఆమె నచ్చినవని గుర్తుపెట్టినవి దాదాపు లేవు. ఇందులో వింతేమీ లేదు. మరీ వైడ్ లెన్సు పాదాల ముందున్న రాయిని పెంచుతుంది, ఎదురుగా ఉన్న శిఖరాన్ని చీమను చేస్తుంది. కళ్లకు కొండంతగా కనిపించింది ఫోటోలో పళ్ల వరుసలా మిగులుతుంది. పర్వతాలంటే వైడ్ లెన్సు అన్న నమ్మకం చాలా సంచుల్లో అనవసరపు బరువు నింపుతోంది. వరుసల మీద వరుసలుగా పరుచుకున్న కొండలను ఒకదాని మీదికి ఒకటి తెచ్చి పేర్చేది టెలీయే.

తప్పిపోయినవాటి జాబితాలో 19 ఉన్నాయి. ఎనిమిది, సంచి గుడారంలో ఉండిపోవడం వల్లో, సంచి దించి తెరిచేలోగా మబ్బు కమ్మడం వల్లో పోయాయి. నాలుగు బ్యాటరీ చచ్చిపోయి. మూడింటికి, ఇంకో నూట యాభై మీటర్లు ఎక్కే ఓపిక లేకపోయింది. రెండు సార్లు వాన పడుతుంటే కెమెరా తీయడానికి భయపడ్డారు. లెన్సు చాలక పోయినవి రెండే, ఆ రెండూ 200 మి.మీ. దాటి కావలసినవి.

అంటే 19లో 17 కొత్త సెన్సర్‌తో గానీ, కొత్త లెన్సుతో గానీ తీరని కష్టాలు. ఆమె కొనాలనుకున్న సెట్టు వీటిలో కొన్నింటిని ఇంకా పెంచేది.

మొదటి ప్రయత్నం: బరువే శత్రువని

ఇది నా సూచనే, తప్పూ నాదే. జాబితా చూశాక బరువు తగ్గించడమే పరమార్థం అనిపించింది. ఉన్న బాడీల్లో ఒకటి, 18–300 సూపర్ జూమ్ ఒక్కటే (620 గ్రాములు), అయిదు అంచెల కార్బన్ ట్రావెల్ ట్రైపాడ్ హెడ్‌తో కలిపి 1,000 గ్రాములు, రెండు బ్యాటరీలు, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్. మామూలు ట్రెకింగ్ సంచిలో పట్టే 300 గ్రాముల మెత్తటి పెట్టె. అన్నీ కలిపి మూడు కిలోలు. పెద్ద యాత్రకు ముందు తక్కువ ఎత్తులో ఒక రాత్రి బసతో పరీక్ష నడక పెట్టాం. ఆ పరీక్ష నడకే కేసును కాపాడింది.

సంచి తేలికైంది, లెన్సు మార్చే పని పోయింది. అంతవరకు బాగుంది. మూడు చోట్ల బోల్తా పడింది.

మొదటిది ట్రైపాడ్. అయిదు అంచెలంటే పై గొట్టం 25 మి.మీ. ఉన్నా కింది గొట్టం 13 మి.మీ.కి సన్నబడుతుంది. గోడ మందం అంతే ఉంచి గొట్టం వ్యాసం సగం చేస్తే, వంగకుండా నిలిచే శక్తి దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. గాలి వీచే శిఖరం మీద 300 మి.మీ. దగ్గర లైవ్ వ్యూ (కెమెరా తెర మీది బొమ్మ) పెద్దది చేసి చూస్తే బొమ్మ వణుకుతూనే ఉంది. కొక్కేనికి సంచి వేలాడదీయమని అందరూ చెప్తారు. గాలిలో వేలాడే సంచి గడియారం లోలకంలా ఊగి ట్రైపాడ్‌నే ఊపుతుంది. వేలాడదీస్తే సంచి అడుగు నేలను తాకాలి, లేదంటే పట్టీని బండరాయికి బిగించాలి.

రెండోది సూపర్ జూమ్. సూర్యుడు ఫ్రేములో గానీ, అంచున గానీ ఉన్నప్పుడు కాంట్రాస్ట్ పడిపోయి, గాజు పలకల మధ్య ఎగిరిన వెలుగు రంగు మచ్చలుగా తేలింది. పర్వతాల్లో మంచి వెలుగంటే చాలాసార్లు ఎదురు వెలుగే. పైగా 300 దగ్గర పూర్తిగా తెరిస్తే ఎఫ్/6.3, మెత్తగా ఉంది. పదును కోసం ఎఫ్/11కి మూస్తే షట్టర్ నెమ్మదిస్తుంది, డిఫ్రాక్షన్ మొదలవుతుంది. అటు నుయ్యి, ఇటు గొయ్యి.

మూడోది పవర్ బ్యాంక్ మీద పెట్టుకున్న నమ్మకం. చలిలో లిథియం అయాన్ బ్యాటరీ లోపలి నిరోధం పెరిగి వోల్టేజ్ కుంగుతుంది, కెమెరా దాన్ని ఖాళీ అనుకుని ఆగిపోతుంది. సున్నాకి 7 డిగ్రీల దిగువన 40 శాతం చూపిస్తున్న బ్యాటరీ ఠక్కున పోయింది. జేబులో అరగంట ఉంచితే మళ్లీ లేచింది. రాత్రి గుడారంలో చలిలోనే చార్జింగ్ పెట్టడం ఇంకా చెడ్డది. సున్నాకి దిగువన చార్జ్ చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. అందుకే కొన్ని కెమెరాలు చలిలో చార్జింగ్‌నే ఒప్పుకోవు.

రెండో ప్రయత్నం: అనుకున్నదే వాడి చూడటం

ఇంత జరిగాక కూడా ఆమె మనసు ఫుల్ ఫ్రేమ్ మీదే ఉంది. అది సహజం. కాగితం మీద లెక్కలు చెప్పి మాన్పించడం కంటే చూపించడం మేలని 45 మెగాపిక్సెల్ బాడీ, మూడు ఎఫ్/2.8 జూములు నాలుగు రోజులకు అద్దెకు తీసుకున్నాం. ఒకే ట్రైపాడ్, ఒకే వెలుగు, రెండు కెమెరాలకూ బేస్ ఐఎస్ఓ (సెన్సర్ అసలు సున్నితత్వం), దృశ్యకోణం సమానం. ప్రింట్లు 24×16 అంగుళాలు, ఏది ఏ కెమెరాదో తెలియకుండా వెనక అంకెలు మాత్రమే.

24 మెగాపిక్సెల్ అంటే 6000×4000, ఈ సైజులో అంగుళానికి 250 పిక్సెళ్లు. 45 మెగాపిక్సెల్‌కి దాదాపు 340. ముఖం ఆనించి చూస్తే గడ్డిపోచల్లో, దూరపు చెట్ల కొమ్మల్లో తేడా ఉంది, ఆమె సరిగ్గానే పట్టుకున్నారు. చేతి దూరం నుంచి పట్టుకోలేకపోయారు. ఉదయపు ఎదురు వెలుగులో తీసిన ఒక్క ఫ్రేములో నీడల్ని మూడు స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు లేదా సగం) పైకి లాగితే ఫుల్ ఫ్రేమ్ ఒక స్టాపు మేర శుభ్రంగా ఉంది. అదే దృశ్యాన్ని క్రాప్ సెన్సర్ మీద రెండు స్టాపుల తేడాతో మూడు ఫ్రేములు తీసి కలిపితే ఆ తేడా కనబడలేదు.

బాడీ, మూడు లెన్సులు కలిపి 3.4 కిలోలు. ట్రైపాడ్ ఇంకా లెక్కలోకి రాలేదు. ఆ నాలుగు రోజుల్లోనే తప్పిపోయినవాటి జాబితాలోకి ఐదు కొత్తగా చేరాయి, ఐదూ సంచి తెరవకపోవడం వల్లే.

ఇక్కడ ఒకటి చెప్పాలి. ఆమె లక్ష్యం 40 అంగుళాల ప్రింట్లయినా, నక్షత్రాలే ముఖ్యమైనా, ట్రైపాడ్ లేకుండా చీకట్లో చేత్తో తీయడమే పద్ధతి అయినా నేనే ఫుల్ ఫ్రేమ్ తీసుకోమనేవాడిని. ఈ కేసులో ఆ మూడూ లేవు.

కుదిరిన ఎంపిక

బాడీ మార్చలేదు. దాని వానరక్షణ సీళ్లు సన్నటి జల్లుకు సరిపోతాయి, తెర వంగుతుంది, చేతికి అలవాటైన బొత్తాలు. చీకట్లో, గ్లవ్స్‌తో పనిచేసేటప్పుడు ఈ చివరిదాని విలువ ఏ స్పెసిఫికేషన్ పట్టికలోనూ కనబడదు.

లెన్సులు రెండు. 16–70 ఎఫ్/4 జూమ్ (310 గ్రాములు), 70–300 జూమ్ (680 గ్రాములు). 16 మి.మీ. అంటే ఫుల్ ఫ్రేమ్ కొలతలో 24, 300 అంటే 450. మధ్య భాగంలో ఆమె తక్కువ తీశారు కదా, ఆ ఖాళీ వదిలేసి రెండు ప్రైములతో సరిపెట్టవచ్చు కదా అన్న ఆలోచన వచ్చింది. వద్దనుకున్నాం. మైదానంలో అయితే నాలుగు అడుగులు ముందుకో వెనక్కో వేసి ఫ్రేము సరిచేసుకోవచ్చు. కొండ అంచున వెనక్కి వేసే అడుగు గాలిలో పడుతుంది. జూమ్ అక్కడ సోమరితనం కాదు.

ఎఫ్/2.8 ఎందుకు వద్దంటే, ట్రైపాడ్ మీద ఎఫ్/8 దగ్గర తీసే ఫోటోకి ఎఫ్/2.8 గాజు మోయడం వాడని కిటికీకి బరువైన తలుపు బిగించినట్టే. దానికి మినహాయింపు రాత్రి ఆకాశం. ఆరు రాత్రుల చంద్రుడి తిథులు చూశాం, పౌర్ణమి మధ్యలో పడుతోంది. పాలపుంత ఎలాగూ కనబడదు. అమావాస్య దగ్గరైతే 12 మి.మీ. ఎఫ్/2 ప్రైమ్ ఒకటి చేర్చేవాళ్లం. లెన్సు నిర్ణయానికి పంచాంగం కూడా ఒక పరికరమే.

16 కంటే వైడ్ కావలసిన చోట నిలువు ఫ్రేముల పనోరమా, అంటే పక్కపక్కన తీసి అతికించిన ఫోటో. 24 మి.మీ. దగ్గర కెమెరా నిలువుగా పెడితే అడ్డంగా 36 డిగ్రీలు వస్తుంది. 30 శాతం అతివ్యాప్తితో నాలుగు ఫ్రేములు తీస్తే 110 డిగ్రీలు దాటుతుంది. శిఖరం పళ్ల వరుస అవకుండా, పెద్దదిగానే నిలుస్తుంది. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మాన్యువల్‌లో బిగించాలి, లేకపోతే అతుకుల దగ్గర ఆకాశం మెట్లుమెట్లుగా వస్తుంది.

మిగిల్చిన బరువులో సింహభాగం ట్రైపాడ్‌కే ఇచ్చాం. నాలుగు అంచెల కార్బన్, పై గొట్టం 28 మి.మీ., కింది గొట్టం 19, మధ్య స్తంభం లేనిది. 36 మి.మీ. బాల్ హెడ్‌తో 1,730 గ్రాములు. ఎత్తు 130 సెంటీమీటర్లే. కంటి ఎత్తు దాకా రాదని ఆమె మొదట ఒప్పుకోలేదు. వంగే తెర ఉన్న కెమెరాకి కంటి ఎత్తు ట్రైపాడ్ దేనికి? గాలిలో ప్రతి పది సెంటీమీటర్ల ఎత్తూ వణుకును పెంచేదే. అల్యూమినియం కాక కార్బన్ తీసుకోవడానికి బరువు ఒక్కటే కారణం కాదు. మంచులో అల్యూమినియం కాలు పట్టుకుంటే అరచేతిలో వేడంతా లాగేస్తుంది.

బాడీకి ఎల్ ఆకారపు ప్లేటు, 80 గ్రాములు. నిలువు ఫ్రేము కోసం బాల్ హెడ్‌ను పక్కకు వంచితే బరువంతా ఒక పక్కకు పడి నెమ్మదిగా జారుతుంది. పనోరమాలు నిలువు ఫ్రేములతోనే కనుక ఈ 80 గ్రాములు తప్పనివి.

చదరపు ఫిల్టర్ల పెట్టె ఇంట్లో ఉండిపోయింది. గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ (పై సగం ముదురు, కింది సగం తేట) సముద్రం మీద గీసినట్టున్న క్షితిజానికి పుట్టింది. రంపం పళ్లలాంటి శిఖరాల మీద పెడితే కొండ కొసలు నల్లబడతాయి. బదులుగా బ్రాకెటింగ్, అంటే ఎక్స్‌పోజర్ మారుస్తూ కొన్ని ఫ్రేములు తీసి కలపడం. గడ్డి, మబ్బులు వేగంగా కదిలేటప్పుడు ఫ్రేములు కలపడం కుదరదు, అప్పుడు ఆకాశం తెల్లబడకుండా చూసి ఒక్క ఫ్రేముతో సరి.

తీసుకెళ్లినవి గుండ్రటివి రెండే, 67 మి.మీ. పోలరైజర్, ఆరు స్టాపుల ఎన్‌డీ (వెలుగు తగ్గించే ముదురు ఫిల్టర్). చిన్న లెన్సుకి స్టెప్ అప్ రింగు. 1/30 సెకనును ఆరు స్టాపులు రెండు సెకన్లు చేస్తాయి, వాగు నీటికి అంత చాలు. పోలరైజర్ తడి రాయి మీద, ఆకుల మీద మెరుపు తీయడానికే. ఆ ఎత్తులో ఆకాశం ఎటూ ముదురు నీలం. పోలరైజర్ పూర్తిగా తిప్పితే సిరా ఒలికినట్టవుతుంది, వైడ్ ఫ్రేములో ఒక పక్క ముదురు, ఒక పక్క లేత పట్టీ పడుతుంది. యూవీ ఫిల్టర్ తీసేశాం. డిజిటల్ సెన్సర్‌కి ఆ పని లేదు, ఎదురు వెలుగులో మచ్చలు మాత్రం తెస్తుంది.

బ్యాటరీలు నాలుగు, ఒక్కోదాని మీద అంకె. ఒకటి కెమెరాలో, మూడు లోపలి చొక్కా జేబులో. రాత్రి నాలుగూ స్లీపింగ్ బ్యాగులో. కెమెరా ఆగిపోతే ఆ బ్యాటరీని ఖాళీ అని పక్కన పెట్టకుండా జేబులోకి మార్చి, వేడెక్కాక మళ్లీ వాడాలి. పవర్ బ్యాంక్ 10,000 ఎంఏహెచ్‌కి తగ్గించాం. చార్జింగ్ మధ్యాహ్నం, ఎండ తగిలే చోట. వైఫై, బ్లూటూత్ ఆఫ్, తీసిన ఫోటో తెర మీద చూపించడం కూడా ఆఫ్.

అన్నిటికంటే పెద్ద మార్పు మోసే తీరులో వచ్చింది. కెమెరా, 16–70 లెన్సుతో, ఛాతీ మీద 250 గ్రాముల పౌచ్‌లో. టెలీ వీపు సంచిలో పై భాగాన మెత్తటి పెట్టెలో. ట్రైపాడ్ సంచి పక్క జేబులో, విప్పడానికి ఒకే పట్టీ. పాత సంచితో ఆగిన క్షణం నుంచి మొదటి ఫ్రేముకి మూడు నిమిషాలు పట్టేది. ఇప్పుడు చేత్తో తీసేదైతే 20 సెకన్ల లోపు, ట్రైపాడ్ మీదైతే నిమిషంన్నర.

బ్లోయర్, గుడ్డలు, జిప్ సంచులతో కలిపి మొత్తం 4,450 గ్రాములు. పరీక్ష నడకలో మోసినదానికంటే కిలోన్నర ఎక్కువ. అందులో ప్రతి గ్రామూ ఒక వైఫల్యానికి బదులుగా చేరినదే.

వాడకంలో పెట్టిన నియమాలు

మామూలుగా ఎఫ్/8, లోతు చాలకపోతే ఎఫ్/11, అక్కడితో సరి. 16 మి.మీ. ఎఫ్/8 దగ్గర హైపర్‌ఫోకల్ దూరం 1.6 మీటర్లు. లెక్క ప్రకారం 80 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా పదును. ఆ లెక్క చిన్న ప్రింట్లకు రాసింది. 24 అంగుళాల ప్రింట్‌లో దూరపు శిఖరం అంచు మీద మెత్తబడుతుంది. అందుకే ఫోకస్ 3 మీటర్ల దగ్గర, పాదాల దగ్గరి పువ్వు కూడా కావాలంటే దానికి ఇంకో ఫ్రేము తీసి తర్వాత కలపడం.

ట్రైపాడ్ ఎక్కిస్తే స్టెబిలైజేషన్ ఆఫ్, ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ (షట్టర్ మొదటి తెర కుదుపు లేకుండా చేసే సెట్టింగ్), రెండు సెకన్ల టైమర్. 300 మి.మీ. దగ్గర రెండు చాలవు, ఐదు. గాలి ఉంటే లెన్స్ హుడ్ తీసేయాలి, అది తెరచాప పని చేస్తుంది. అప్పటికీ వణికితే ఐఎస్ఓ 100లో 1/15 బదులు ఐఎస్ఓ 800లో 1/125. నాయిస్‌ను తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవచ్చు, కదిలిన గీతను ఎవరూ సరిచేయలేరు. ఈ ఒక్క నియమం ఒప్పించడానికే ఎక్కువ సమయం పట్టింది. ట్రైపాడ్ ఉంటే ఐఎస్ఓ 100 మంత్రంలా పట్టుకోవడం చాలామందికి ఉన్న అలవాటే.

ఫలితం, ఇంకా తప్పినవి

రెండో యాత్ర అదే తరహా ఎత్తుల్లో, ఆరు రోజులు. తీసినవి 620, ప్రింట్‌కి వెళ్లినవి 14. వాటిలో తొమ్మిది 100 మి.మీ. పైన తీసినవే. తప్పిపోయినవాటి జాబితా 19 నుంచి ఆరుకు తగ్గింది. ఆ ఆరు మీద కూడా అంతే శ్రద్ధ పెట్టాలి.

రెండు పొగమంచులో పోయాయి, వాటికి ఎవరూ బాధ్యులు కారు.

ఒకటి నీటి చెమ్మ. తెల్లవారుజామున తీసి, గడ్డకట్టిన కెమెరాను మెడలో వేసుకునే ఆవిర్లు కక్కుతున్న వంట గుడారంలోకి వెళ్లారు. గాజు లోపలి వైపు చెమ్మ పట్టి రెండు గంటలు కెమెరా పనికిరాలేదు. వానను ఆపే సీళ్లు దీన్ని ఆపవు, లోపల ఉన్న చల్లదనమే గాలిలోని తేమను పిలుస్తుంది. జిప్ సంచులు ఇచ్చింది ఇందుకే: బయటే కెమెరాను సంచిలో పెట్టి, గాలి పిండి, మూసి, తర్వాత లోపలికి. చెమ్మ సంచి మీద పడుతుంది. కెమెరా వెచ్చబడ్డాకే తెరవాలి. మెమరీ కార్డు, బ్యాటరీ బయటే తీసుకోవాలి, లేదంటే ఆతురతతో సంచి తెరుస్తారు. ఈ చివరి సంగతి ముందే చెప్పకపోవడం నా లోపం. ఫోటోలు చూసుకోవాలనే ఆమె సంచి వాడలేదు.

ఇంకొకటి ట్రైపాడ్ లాక్. వాగులో నిలబెట్టి తీశాక ఇసుక మెలి లాక్‌లోకి చేరి మర్నాడు కింది అంచె తెరుచుకోలేదు. నీళ్లలో పెట్టేటప్పుడు కింది అంచె ముందు తెరవాలి, లాక్ నీటి మట్టానికి పైన ఉండేలా. మామూలుగా లావు అంచెలు ముందు తెరవమంటాం, వాగులో ఇది తలకిందులవుతుంది. బయటికి తీశాక లాక్ విప్పి మంచినీళ్లతో కడిగి, ఆరాక మూయాలి.

చివరి రెండూ రాళ్ల సందుల్లో పూసిన చిన్న పువ్వులు. 90 మాక్రో ఇంట్లో పెట్టించినది నేనే. 550 గ్రాములు మళ్లీ చేర్చడానికి ఇప్పటికీ ఒప్పుకోను గానీ, ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. వచ్చే యాత్రకు 70–300 ముందు బిగించే ప్లస్ 2 డయాప్టర్ క్లోజప్ లెన్సు, రెండు గాజులు అతికించిన రకం, పరీక్షిస్తున్నాం. లెన్సును అనంతానికి పెట్టినా అర మీటరు దూరంలో ఫోకస్ అవుతుంది, 300 మి.మీ. దగ్గర వస్తువు సెన్సర్ మీద అసలు పరిమాణంలో 0.6 వంతుగా పడుతుంది. అదే 67 మి.మీ. మర, బరువు మాక్రో లెన్సులో నాలుగో వంతు. ఎఫ్/11 దగ్గర కూడా లోతు చాలా తక్కువ కనుక, గాలి ఆగే క్షణం కోసం కాచుకోవాల్సిందే.